కొనేముందు మగ్గు మీద పేరు చదవండి: జర్మన్ రిజర్విస్టు బీరు మగ్గుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూరెంబర్గ్ వచ్చి పదకొండేళ్ళయింది. మా హాల్లో ఒక అద్దాల అలమర ఉంది, అందులో పింగాణీ మగ్గులు, ఒక్కోదానికీ ప్యూటర్ (ఎక్కువగా తగరం ఉండే లోహం) మూత, మూత మీద ఒక సిపాయో గుర్రమో ఫిరంగో. ఇంటికొచ్చిన మనవాళ్ళు ఎవరైనా ముందు అక్కడే ఆగిపోతారు, ఆ తర్వాత ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఈమధ్య కొత్తగా జర్మనీ వచ్చినవాళ్ళు ఫ్లోమార్క్ట్‌లో, అదే పాత సామాన్ల సంతలో, ఇలాంటివి చూసి ఫొటో తీసి "అన్నా, ఇది కొనచ్చా" అని పంపుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా అన్నీ ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

అసలు ఇవి ఏంటి?

వీటిని జర్మన్‌లో రిజర్విస్టెన్‌క్రూగ్ అంటారు. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడ్డాక అక్కడ మగవాళ్ళకి సైన్యంలో కంపల్సరీ సర్వీసు ఉండేది, ఇరవై ఏళ్ళ వయసులో పిలిచేవాళ్ళు, సర్వీసు అయిపోయాక ఇంటికి పంపి రిజర్వులో పెట్టుకునేవాళ్ళు, అంటే యుద్ధం వస్తే మళ్ళీ పిలుస్తారన్నమాట. అలా ఇంటికి వెళ్ళేముందు కుర్రాళ్ళు గుర్తుగా చేయించుకున్న మగ్గులే ఇవి. 1880ల నుంచి 1914లో యుద్ధం మొదలయ్యేదాకా వీటి కాలం. ఎక్కువగా అరలీటరు పడతాయి, ఒక లీటరువి కూడా కనిపిస్తాయి గానీ తక్కువ. పింగాణీవి ఎక్కువ, స్టోన్‌వేర్‌వి, అంటే గట్టిగా కాల్చిన మట్టివి, ఆ తర్వాత, గాజువి అరుదు.

మగ్గు ఒక్కటే కాదు, ఇదే పద్ధతిలో పొడుగాటి పొగాకు పైపులు, చిన్న సారా సీసాలు కూడా చేయించుకునేవాళ్ళు. వాటిని సేకరించేవాళ్ళు వేరే ఉన్నారు.

స్టైన్ అనాలా, క్రూగ్ అనాలా?

బీరు మగ్గుని స్టైన్ అని పిలిచేది ఇంగ్లీషు వాళ్ళు. జర్మన్‌లో ఆ మాటకి రాయి అని అర్థం, సంతలో పెద్దాయన దగ్గరికెళ్ళి స్టైన్ కావాలంటే రాయి చూపిస్తాడు. క్రూగ్ అనండి చాలు.

ఇది సైన్యం ఇచ్చిన బహుమతా? మెడల్ లాంటిదా?

కాదండి, దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. సైన్యం పైసా ఇవ్వలేదు. సిపాయి సొంత డబ్బుతో కొనుక్కున్నదే. సాధారణ సిపాయి రోజు జీతం అప్పట్లో అర మార్కు కూడా ఉండేది కాదు, అందులోంచి మిగిల్చో, ఇంటి నుంచి తెప్పించుకునో కొనేవాళ్ళు. బ్యారక్ దగ్గర్లో ఉండే దుకాణాల్లో శాంపిళ్ళు చూసి ఆర్డర్ ఇచ్చేవాళ్ళు. తెల్ల మగ్గు ఒకచోట తయారయ్యేది, దాని మీద బొమ్మలూ పేర్లూ వేసేది ఇంకొకచోట, మూత బిగించేది మరొకరు. ఏ సీను కావాలి, మూత మీద ఏ బొమ్మ కావాలి, ఏ పద్యం రాయాలి అన్నది కొనేవాడి ఇష్టం. అందుకే ఒకే కంపెనీలో (రెజిమెంట్‌లో ఒక చిన్న దళం) ఒకే ఏడాది సర్వీసు చేసిన ఇద్దరి మగ్గులు కూడా ఒక్కలాగే ఉండవు.

నాకు వీటి మీద ప్రేమ పుట్టడానికి కారణం కూడా ఇదే. ప్రభుత్వం పోత పోసి లక్షమందికి పంచింది కాదు, ఒక కుర్రాడు తన పేరు రాయించుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

మగ్గు మీద రాసింది ఎలా చదవాలి? అక్షరాలే అర్థం కావట్లేదు.

అది ఫ్రాక్టూర్ లిపి, పాత జర్మన్ అచ్చు అక్షరాలు. మొదట్లో తల తిరుగుతుంది, అందులో ఎస్ అక్షరం మాట మధ్యలో వస్తే అచ్చం ఎఫ్‌లా ఉంటుంది, ఆ ఒక్కటి పట్టుకుంటే సగం చదివేసినట్టే. రెండు మూడు మగ్గులు కుదురుగా కూర్చుని చదివితే అలవాటైపోతుంది.

ముందు పై అంచు చూడండి. అక్కడ కంపెనీ నంబరు, రెజిమెంట్ పేరు, ఊరి పేరు, సంవత్సరాలు ఉంటాయి. పదాతిదళమైతే కంపెనీ, గుర్రపుదళమైతే ఎస్కడ్రోన్, ఫిరంగిదళమైతే బ్యాటరీ. సంవత్సరాలు 1905/07 అని ఉంటాయి, అంటే 1905 అక్టోబర్లో చేరి 1907 సెప్టెంబర్లో బయటికొచ్చాడు. 1893 నుంచి పదాతిదళంలో సర్వీసు రెండేళ్ళే, అంతకుముందు మూడు. గుర్రపుదళంలో, నౌకాదళంలో మాత్రం చివరిదాకా మూడేళ్ళే. కాబట్టి పదాతిదళం మగ్గు మీద 1905/08 అనో, గుర్రపుదళం మగ్గు మీద 1905/07 అనో కనిపిస్తే అక్కడ ఆగి ఇంకోసారి చూడాలి, దానికి సరైన కారణం ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు.

కింద అంచులోనో ముందు భాగంలోనో "రిజర్విస్ట్ ఫలానా" అని యజమాని పేరు. దాంతో పాటు "త్సుర్ ఎరిన్నరుంగ్ ఆన్ మైనె డీన్స్ట్‌ట్సైట్" అని చాలావాటి మీద ఉంటుంది, నా సర్వీసు రోజుల గుర్తుగా అని. ఇక పద్యాలు. బాగా కనిపించేది "వేర్ ట్రోయ్ గెడీన్ట్ హాట్ జైనె ట్సైట్, డేమ్ జై ఐన్ ఫోలర్ క్రూగ్ గెవైట్", తన కాలమంతా నమ్మకంగా కొలువు చేసినవాడికి నిండు మగ్గు అంకితం అని. "రిజర్వె హాట్ రూ" అని ఇంకోటి, రిజర్వు వాడికి ఇక విశ్రాంతి అని. "పరోలె హైమాట్" అని కూడా రాస్తారు. పరోలె అంటే కాపలా దగ్గర చెప్పే రహస్య మాట, ఈరోజు ఆ మాట "సొంతూరు" అన్నమాట. ఇంటికెళ్ళే కుర్రాడి సంతోషం రెండు మాటల్లో అంత బాగా చెప్పింది నేను ఇంకోటి చూడలేదు.

చివరిగా పిడికి అటూ ఇటూ చూడండి, అక్కడ చిన్న అక్షరాల్లో తోటివాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. కొన్నిట్లో పది, కొన్నిట్లో ముప్ఫై కూడా. అన్నిటి మీదా ఉండవు గానీ ఉంటే మాత్రం వదలొద్దు. చాలామంది కొనేవాళ్ళు మూత మీద గుర్రం చూసి డబ్బులు తీసేస్తారు, ఈ పేర్లవైపు తలే తిప్పరు. నా మటుకు నాకు మగ్గులో అన్నిటికంటే విలువైన భాగం అదే.

ఏ రాజ్యానిదో ఎలా చెప్పాలి?

జర్మనీ ఒకే దేశమైనా అప్పుడు ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వూర్టెంబర్గ్ రాజ్యాలకి ఎవరి సైన్యం వాళ్ళకి ఉండేది. మూత ఎత్తడానికి బొటనవేలు పెట్టే చోట చిన్న ప్యూటర్ బొమ్మ ఉంటుంది కదా, అది చూడండి. గద్ద ఉంటే ప్రష్యా. డాలు పట్టుకున్న సింహమైతే బవేరియా. సింహమూ దుప్పీ కలిసి డాలు పట్టుకుంటే వూర్టెంబర్గ్. కిరీటం, చారల డాలు ఉంటే సాక్సనీ. బాడెన్ అనే ఇంకో చిన్న రాజ్యానిది గ్రిఫిన్, అంటే గద్ద తల ఉన్న సింహం.

పదాతి రెజిమెంట్ నంబర్లు కూడా చెప్పేస్తాయి. 109 నుంచి 114 బాడెన్, 115 నుంచి 118 హెస్సెన్, 119 నుంచి 127 వూర్టెంబర్గ్. బవేరియా మాత్రం ఈ వరసలో కలవలేదు, తన నంబర్లు తనే ఒకటి నుంచి పెట్టుకుంది. అందుకే ఒకటో నంబరు రెజిమెంట్ ప్రష్యాకీ ఉంటుంది, బవేరియాకీ ఉంటుంది, కంగారు పడొద్దు. బవేరియా పదాతి సిపాయి కోటు లేత నీలం, ప్రష్యా వాడిది ముదురు నీలం, రంగు చూసినా తెలిసిపోతుంది.

ఊరి పేర్లు చూసి కూడా తికమక పడతారు. మెట్స్, స్ట్రాస్‌బుర్గ్ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్నాయి, కానీ 1871 నుంచి 1918 దాకా జర్మనీవే, అక్కడ బోలెడన్ని రెజిమెంట్లు ఉండేవి. మగ్గు మీద ఫ్రాన్స్ ఊరు ఉంది కాబట్టి నకిలీ అనుకోకండి.

మగ్గు అడుగున బొమ్మ ఉంటుందట, నిజమేనా?

నిజమే, దాన్ని లిథోఫేన్ అంటారు, పింగాణీ మగ్గుల్లోనే ఉంటుంది. మామూలుగా లోపలికి చూస్తే అడుగున ఎత్తుపల్లాలు తప్ప ఏమీ కనపడవు. మగ్గు ఎత్తి వెలుతురుకి పట్టుకుని లోపలికి చూడండి, పింగాణీ పల్చగా ఉన్నచోట వెలుగు, మందంగా ఉన్నచోట నీడ, ఒక్కసారిగా నిండు బొమ్మ తేలుతుంది. ఎక్కువగా సిపాయి, అతని అమ్మాయి వీడ్కోలు తీసుకోవడమో, తిరిగి రావడమో ఉంటుంది. ఈ పద్ధతికి 1827లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నారు, ఆ తర్వాత జర్మన్ పింగాణీ వాళ్ళ చేతిలో బాగా పెరిగింది. బీరు చివరి గుక్క తాగడానికి మగ్గు పైకెత్తినప్పుడు అమ్మాయి కనపడుతుందన్నమాట. మా పిల్లలు మొదటిసారి చూసిన రోజు కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

ఒరిజినలా, తర్వాత చేసిందా? ఎలా తెలుస్తుంది?

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను కొన్న మొదటి మగ్గే నకిలీ. ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు "మా తాతగారి అటక మీద దొరికింది" అని పెట్టాడు, ఫొటోలు బాగున్నాయి, మూత మీద పెద్ద గుర్రపురౌతు. డబ్బులు పంపాను. వచ్చాక వెలుతురుకి పట్టి చూస్తే అడుగున బట్టల్లేని ఆడమనిషి. అప్పటికి నాకు తెలీదు, ఆ బొమ్మ ఉందంటే దాదాపుగా తర్వాతి కాలంలో టూరిస్టుల కోసం చేసిన సరుకే అని. తిరిగి తీసుకోమని రాస్తే జవాబు లేదు. ఆ మగ్గు ఇంకా నా దగ్గరే ఉంది, కొత్తవాళ్ళకి నకిలీ ఎలా ఉంటుందో చేతికిచ్చి చూపించడానికి దాన్నే వాడతాను.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ముఖ్యంగా 1960ల నుంచి, ఇలాంటివి చాలా చేశారు. మొదట్లో అవి మోసం కోసం కాదు, జ్ఞాపికలుగానే అమ్మారు, చేతులు మారేకొద్దీ పాతవిగా చలామణి అయిపోయాయి. అందుకే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి, అన్నీ కలిపి చూడండి.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి, చవకే. ఒరిజినల్స్‌లో కూడా బొమ్మ గీతలు చాలాసార్లు అచ్చు పద్ధతిలోనే దించేవాళ్ళు, కానీ రంగులు చేత్తో నింపేవాళ్ళు, పేరు చేత్తో రాసేవాళ్ళు. భూతద్దంలో కుంచె గీత కనపడుతుంది, రంగు ఒకచోట దళసరిగా ఒకచోట పల్చగా ఉంటుంది, పేరులో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే ఆ రెండూ అచ్చు గుద్దినట్టు ఉండవు. నకిలీలో పత్రికలో ఫొటోలాగా చుక్కలు సమానంగా వరసలో ఉంటాయి, పేరు కూడా బొమ్మతో కలిసే అచ్చయిపోయి ఉంటుంది. ఇంకోటి, ఒకే సిపాయి పేరు, ఒకే రెజిమెంట్, ఒకే ఏడాది నాలుగు వేలంపాటల్లో నాలుగు మగ్గుల మీద కనపడిందంటే ఇక చెప్పేదేముంది.

తర్వాత అడుగు తిప్పి చూడండి. "మేడ్ ఇన్ జర్మనీ" అనో "వెస్ట్ జర్మనీ" అనో ఇంగ్లీషులో ఉంటే ఆలోచించండి. బ్యారక్ పక్క దుకాణంలో జర్మన్ సిపాయికి అమ్మే మగ్గు మీద ఇంగ్లీషు ముద్ర ఎందుకుంటుంది? అది ఎగుమతి సరుకు మీద వేసేది. వెస్ట్ జర్మనీ అనే దేశమే 1949 దాకా లేదు. అడుగు అంచు వేలితో తడిమి చూడండి, వందేళ్ళు బల్లల మీద జరిగిన మగ్గుకి ఆ అంచు కొంచెం నునుపుదేరి, సన్న గీతలతో, కాస్త మురికి పట్టి ఉంటుంది.

చరిత్ర కూడా సాక్ష్యం చెప్తుంది. ప్రింట్స్ రీగెంట్, అంటే రాజు బదులు పాలించిన రాజవంశీకుడు, లుయిట్‌పోల్డ్ బొమ్మ బవేరియా మగ్గుల మీద తరచుగా ఉంటుంది, ఆయన 1886 నుంచి 1912 దాకా పాలించాడు. సాక్సనీలో ఆల్బర్ట్ రాజు 1902లో పోయాడు, ఆ తర్వాత రెండేళ్ళు గేయోర్గ్, 1904 నుంచి ఫ్రీడ్రిష్ ఆగుస్ట్. 1898/1900 అని తేదీ వేసి ఫ్రీడ్రిష్ ఆగుస్ట్‌ని రాజుగా చూపిస్తే అది నిలబడదు. వూర్టెంబర్గ్ రాజు పేరూ రెండో విల్హెల్మే, బెర్లిన్‌లో ఉండే జర్మనీ చక్రవర్తి, కైజర్ పేరూ రెండో విల్హెల్మే, బొమ్మ ఎవరిదో జాగ్రత్తగా చూడండి, ఇద్దరి మీసాలు వేరు. అలాగే పదాతిదళం పేరు రాసి చుట్టూ గుర్రపురౌతుల సీన్లు ఉంటే ఎవరో మూసలో తేడా చేశారని అర్థం.

మూత మార్చినవి కూడా ఉంటాయి, మగ్గు అసలుది, మూత వేరేదాన్నుంచి తెచ్చి బిగించింది. మగ్గు మీద బవేరియా అని ఉండి బొటనవేలి దగ్గర ప్రష్యా గద్ద ఉంటే అదే జరిగి ఉండొచ్చు. పిడి దగ్గర ప్యూటర్ పట్టీ మగ్గుకి సరిగ్గా అతికి ఉందా, కొత్త టంకం మెరుపు ఉందా చూడండి.

ఏవి అరుదు? రేటు దేన్నిబట్టి ఉంటుంది?

సైన్యంలో ఎవరు ఎక్కువమంది ఉన్నారో వాళ్ళ మగ్గులే ఎక్కువ దొరుకుతాయి, లెక్క అంతే. కాబట్టి పదాతిదళానివి చవక, ఫిరంగిదళానివి కొంచెం పైన, గుర్రపుదళానివి ఇంకొంచెం పైన. ఆపైన చిన్న చిన్న దళాలు, రైల్వే రెజిమెంట్, టెలిగ్రాఫ్, మెషీన్‌గన్, రొట్టెలు కాల్చే బేకరీ విభాగం, వైద్య విభాగం, వీటికి సేకరించేవాళ్ళు పోటీ పడతారు. గాలి ఓడల బెటాలియన్, విమాన దళం వాళ్ళవైతే మరీ అరుదు, వాటి రేటు పదాతిదళం మగ్గుకి ఎన్నో రెట్లు. సరిగ్గా అందుకే నకిలీలు కూడా వాటిల్లోనే ఎక్కువ, జెప్పెలిన్ (గాలి ఓడ) బొమ్మ కనపడగానే సంతోషం కన్నా అనుమానం ముందు రావాలి.

నెర్రె, విరిగి అతికిన మూత, వెలిసిన బంగారు గీత, ఇవన్నీ రేటు తగ్గిస్తాయి. పిడి దగ్గర బంగారు రంగు అరిగిపోవడం మాత్రం మామూలే, నాకైతే అది ఇష్టం కూడా, వాడిన చెయ్యి గుర్తు కదా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా, పేర్ల వరస ఉన్న, పగుళ్ళు లేని, మామూలు బవేరియా పదాతిదళం మగ్గు ఒకటి కొనండి. బవేరియాదే ఎందుకో కింద చెప్తాను.

ఎక్కడ కొనాలి?

మ్యూనిక్‌లో ఏడాదికి మూడుసార్లు ఆవర్ డుల్ట్ అని జాతర జరుగుతుంది, మరియాహిల్ఫ్‌ప్లాట్స్‌లో, అందులో పాత సామాన్ల వరస ఉంటుంది. అక్కడ చేత్తో పట్టుకుని చూడొచ్చు, అడగొచ్చు, బేరమూ ఆడొచ్చు, కాకపోతే మన దగ్గరలా సగానికి అడక్కండి, మొహం తిప్పుకుంటారు, పదీ పదిహేను శాతం మర్యాదగా అడిగితే ఇస్తారు. వేలంపాటలో కొంటే పాడిన ధర మీద వేలం సంస్థ కమీషన్ పడుతుంది, అది తక్కువేమీ కాదు, నియమాలు చదివి ఆ లెక్క కలుపుకునే పాడండి.

కొనకముందు చూసి కళ్ళు అలవాటు చేసుకోవాలంటే ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా సైనిక మ్యూజియం ఉంది, నోయెస్ ష్లోస్ అనే కోటలో. మగ్గు మీది బొమ్మలో కనపడే కోట్లు, శిరస్త్రాణాలు అసలువి అక్కడ చూస్తే తర్వాత బొమ్మలో తప్పు వెంటనే కంట్లో పడుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్ళకి స్టైన్ కలెక్టర్స్ ఇంటర్నేషనల్ అనే సంఘం ఉంది, ప్రోజిట్ అని పత్రిక వేస్తారు, రెండో యుద్ధం తర్వాత అమెరికా సిపాయిలు ఈ మగ్గులు చాలానే తీసుకెళ్ళారు కాబట్టి అక్కడా బాగానే దొరుకుతాయి.

పగులు ఉందో లేదో ఎలా చూడాలి?

మూత తెరిచి పట్టుకుని గోరుతో మెల్లగా మీటండి. బాగున్న పింగాణీ ఖంగుమంటుంది, నెర్రె ఉంటే గొంతు బొంగురుపోయినట్టు మొద్దుగా పలుకుతుంది. మన ఇళ్ళల్లో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా, అదే. లోపల టార్చి పెట్టి చూడండి, వెంట్రుకంత గీత కూడా కనపడుతుంది. అతికి రంగు వేసిన చోట్లు అల్ట్రావయొలెట్ లైటు కింద చుట్టుపక్కల కన్నా వేరేగా మెరుస్తాయి.

కడగొచ్చా? దాంట్లో బీరు తాగొచ్చా?

గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. డిష్‌వాషర్‌లో పెట్టకండి, బంగారు గీతలు పోతాయి, ప్యూటర్ నల్లబడి మచ్చలు పడుతుంది. చింతపండు పెట్టి మూత తోమేస్తానని ఒకావిడ అడిగారు, ఇత్తడి బిందె కాదండి అది, ప్యూటర్ మీద కాలంతో వచ్చిన ఆ బూడిద రంగే దాని అందం, అది పోతే విలువా పోతుంది. మూత పట్టుకుని మగ్గు ఎత్తొద్దు, బరువంతా కీలు మీద పడుతుంది. ప్యూటర్ అంటే ఎక్కువ భాగం తగరం, తక్కువ వేడికే కరిగిపోతుంది, ఇంట్లో టంకం పెట్టే ప్రయత్నం చెయ్యకండి, పని తెలిసిన ప్యూటర్ మేస్త్రీకే ఇవ్వండి.

తాగడం వద్దు. పాత ప్యూటర్లో సీసం కలిసి ఉండొచ్చు.

హిట్లర్ కాలంవి కూడా ఉంటాయా?

ఉంటాయి. 1919 వెర్సాయ్ ఒప్పందంతో జర్మనీలో కంపల్సరీ సర్వీసు ఆగిపోయింది, సైన్యం లక్షకి కుదించారు. 1935లో హిట్లర్ మళ్ళీ తెచ్చాక ఆ మగ్గుల అలవాటూ తిరిగొచ్చింది, ఎక్కువగా స్టోన్‌వేర్ మీద. కొన్నిటి మీద ఆ పాలన గుర్తులు ఉంటాయి. అలాంటి గుర్తుల్ని జర్మనీలో బహిరంగంగా ప్రదర్శించడం నేరం, చరిత్ర బోధన లాంటివాటికే మినహాయింపు. నేను కొనను, మా అలమరలో అవి ఉండవు. మన స్వస్తిక్ గుర్తుకీ దానికీ సంబంధం లేదని ఇక్కడివాళ్ళకి ఎంత చెప్పినా, ఇంట్లో అది కనపడితే పక్కింటివాళ్ళకి కలిగే బాధ నిజం.

నౌకాదళం, వలసల సంగతేంటి?

నౌకాదళం మగ్గుల మీద ఓడ పేరు, లంగరు, సముద్రం సీన్లు ఉంటాయి, చాలా అందంగా ఉంటాయి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన ఎండెన్ అనే యుద్ధనౌక కూడా ఈ నౌకాదళానిదే. అప్పుడు మద్రాసు మన తెలుగు జిల్లాలకీ రాజధానే కదా.

చైనాలో చింగ్‌తావ్ రేవు 1898 నుంచి జర్మనీ చేతిలో ఉండేది, అక్కడ పనిచేసినవాళ్ళ మగ్గులకి గిరాకీ ఎక్కువ. నైరుతి ఆఫ్రికాలో, అంటే ఇప్పటి నమీబియాలో, పనిచేసిన దళాలవీ అంతే. కానీ అక్కడ 1904 నుంచి 1908 మధ్య హెరెరో, నామా ప్రజల్ని ఊచకోత కోశారు, అది జాతి నిర్మూలన అని జర్మనీ ప్రభుత్వం 2021లో ఒప్పుకుంది. అలాంటి మగ్గు మీద తాటిచెట్లు, ఒంటెలు ముద్దుగా వేసి ఉంటాయి. ఎవరైనా కొనుక్కుంటే పక్కన ఆ సంగతి కూడా చీటీ రాసి పెట్టాలని నేను గట్టిగా అంటాను. మనమూ ఒకప్పుడు ఇంకొకడి వలసే, ఆ బొమ్మని మామూలు బొమ్మలా చూడటం నాకు చేతకాదు.

మగ్గు మీద పేరున్న మనిషి ఎవరో కనుక్కోగలమా?

ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. కొన్నిసార్లు కనుక్కోగలం.

ప్రష్యా సైన్యం రికార్డులు పోట్స్‌డామ్‌లో ఉండేవి, 1945 ఏప్రిల్‌లో బాంబుదాడిలో చాలావరకు కాలిపోయాయి. అందుకే ప్రష్యా సిపాయి గురించి వెతికితే గోడ అడ్డొస్తుంది. బవేరియా రికార్డులు మాత్రం మ్యూనిక్ యుద్ధ పత్రాల భాండాగారంలో బతికాయి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎవరు ఏ కంపెనీలో ఉన్నారు, ఎక్కడ పుట్టారు, పెళ్ళయిందా, గాయాలేంటి అన్నీ రాసిన పుస్తకాలు ఉన్నాయి, స్కాన్ కూడా చేశారు. బవేరియా మగ్గు కొనండి అని పైన చెప్పింది అందుకే.

ఇంకో దారి, యుద్ధంలో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ లేనివాళ్ళ జాబితాలు 1914 ఆగస్టు నుంచి అచ్చు వేస్తూ వచ్చారు, వాటిని జర్మనీ వంశవృక్షాల సంఘం వాళ్ళు, అందరూ వాలంటీర్లే, పేరుతో వెతికేలా కంప్యూటర్లోకి ఎక్కించారు. అన్ని రాజ్యాలవాళ్ళూ అందులో ఉంటారు. 1905/07లో సర్వీసు చేసినవాడికి 1914లో ముప్ఫైకి అటూ ఇటూ ఉంటుంది, పెళ్ళాం పిల్లలు ఉన్న వయసు, అప్పుడు మళ్ళీ పిలిచారు. కాకపోతే తొందరపడొద్దు, జర్మన్‌లో కొన్ని ఇంటిపేర్లు మన దగ్గర రావు, రెడ్డి అంత మామూలు, పేరు కలిసినంత మాత్రాన అతనే అనలేం. ఊరు కలవాలి, రెజిమెంట్ కలవాలి, వయసు కుదరాలి. కొనేటప్పుడు అమ్మేవాళ్ళని ఇది ఏ ఊరి ఇంట్లోంచి వచ్చింది అని తప్పకుండా అడగండి, ఆ ఒక్క ఊరి పేరు తర్వాత చాలా పనికొస్తుంది.

ఇండియాకి తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు. బిల్లు దగ్గర పెట్టుకోండి, వందేళ్ళు దాటిన వస్తువు అని అమ్మినవాళ్ళ చేత కాగితం రాయించుకోండి, కస్టమ్స్ దగ్గర అడిగితే చూపించాలి. మళ్ళీ ఇండియా నుంచి బయటికి తేవాలంటే మాత్రం ముందు పురావస్తు శాఖని అడగండి, వందేళ్ళు దాటిన వస్తువుల ఎగుమతి మీద 1972 చట్టం ఉంది.

ప్యాకింగ్ విషయం చాలామంది తప్పు చేస్తారు. బయట ఎంత చుట్టినా మూతకీ మగ్గు అంచుకీ మధ్య మెత్తటి గుడ్డ మడత పెట్టకపోతే దారిలో మూత కొట్టుకుని అంచు పెచ్చులూడుతుంది. మూత మీద బొమ్మకి విడిగా చుట్టండి, లోపల కాగితం కుక్కండి, ఒక డబ్బాని ఇంకో డబ్బాలో పెట్టండి. వీలైతే చేతి బ్యాగులోనే తీసుకెళ్ళండి.

మీ దగ్గరున్నవాటిలో మీకు బాగా ఇష్టమైంది ఏది?

నాలుగో బవేరియా పదాతి రెజిమెంట్, మెట్స్, 1906/08. మూత మీద కూర్చున్న సిపాయి, అతని చేతిలో కూడా చిన్న మగ్గు. పిడికి లోపలివైపు బంగారు గీత వేళ్ళు పడేచోట పూర్తిగా అరిగిపోయింది, మిగతాదంతా నిగనిగలాడుతుంది. అంటే అతను దాన్ని అలమరలో పెట్టి దాచుకోలేదు, ఏళ్ళ తరబడి రోజూ తాగాడు.

పిడికి అటూ ఇటూ పద్దెనిమిది పేర్లున్నాయి. చలికాలంలో రాత్రిళ్ళు కూర్చుని ఒక్కొక్కటే వెతికాను. చాలావరకు తేలలేదు, ఇద్దరివి మాత్రం ఊరితో సహా కుదిరాయి, ఒకరు గాయపడి తిరిగొచ్చారు, ఒకరు 1914 చలికాలానికే చనిపోయారు. యజమాని జాడ మాత్రం ఇంకా తెలియలేదు. అమ్మినావిడ ఫ్రాంకోనియాలో, అంటే బవేరియా ఉత్తర భాగంలో, ఒక పల్లె పేరు చెప్పింది, మాకు రైల్లో గంట దూరం. ఆ ఊరి చర్చి గోడకి యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లతో రాయి ఉంటుంది, ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. మొన్న ఆదివారం వెళ్ళి పై నుంచి కింద దాకా రెండుసార్లు చదివాను. అతని పేరు అందులో లేదు.